కాలవెరైట్ అని కొన్న రాయి పైరైట్ కాదని ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

క్రిపుల్ క్రీక్ (కొలరాడో) కాలవెరైట్ అన్న చీటీతో వచ్చిన ఇత్తడి రంగు ముక్క అసలుదేనా, కాల్చి చూడొచ్చా అన్నది మీ ప్రశ్న. కాల్చకండి. ముందు తూకం వేయండి.

రంగును నమ్మలేం. బంగారం, టెలూరియం అనే మూలకం కలిసిన ఈ ఖనిజం లేత ఇత్తడి రంగు నుంచి వెండి తెలుపు దాకా ఉంటుంది, ఇనుము, గంధకం కలిసిన పైరైట్‌దీ దాదాపు అదే పోలిక. బరువు దగ్గర మాత్రం దొరికిపోతుంది: కాలవెరైట్ విశిష్ట సాంద్రత (అంతే జాగా నీటి కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 9.1–9.4, పైరైట్‌ది 5.

0.01 గ్రాము చూపే నగల కాటా చాలు. పొడి ముక్కను తూచి రాసుకోండి. నీళ్ల గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేసి, ముక్కను సన్నని దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచండి. అడుక్కీ అంచుకీ తగలకూడదు. ఇప్పుడు వచ్చిన అంకెతో పొడి బరువును భాగించాలి. 4.65 గ్రాముల ముక్క 0.50 చూపిస్తే 9.3 వచ్చినట్టు. అంతే బరువున్న పైరైట్ 0.93 చూపిస్తుంది. గాలి బుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువగా వస్తుంది, అందుకే నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి.

అసలు చిక్కు క్వార్ట్జ్ అనే తేలికపాటి రాతితో. ముక్కలో సగం జాగా అదే ఉంటే మంచి కాలవెరైట్ కూడా 6 దగ్గర ఆగిపోతుంది, పైరైట్ అని పొరబడతారు. క్రిపుల్ క్రీక్ సరుకు ఎక్కువగా ఇలా రాతికి అంటుకున్న సన్నని స్ఫటికాలే. అప్పుడు సూది తీయండి. 10 రెట్ల భూతద్దం కింద, కనబడని మూలన గీయండి. కాలవెరైట్ కాఠిన్యం (1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో) 2.5–3, గీత పడి పొడి రాలుతుంది. పైరైట్ (6–6.5) మీద గీత పడదు. పొడి కాకుండా సొట్ట పడితే అది అచ్చంగా బంగారమే! ఒకే దిశలో నునుపుగా పొరలుగా విడిపోతుంటే సిల్వనైట్ గానీ క్రెన్నరైట్ గానీ (ఇవీ బంగారం, టెలూరియం ఉన్న ఖనిజాలే) అని అనుమానించండి, కాలవెరైట్‌కు ఆ చీలిక లేదు. వీటిని ఖాయంగా తేల్చాలంటే మాత్రం ఎక్స్‌రే లాంటి ల్యాబ్ పరీక్ష కావాలి.

కాలవెరైట్‌ను మొదట కనుగొన్నది 1861లో, కాలిఫోర్నియాలోని కాలవెరాస్ కౌంటీలో, పేరు అక్కడిదే. ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో మొదట దీన్ని పనికిరాని రాయి అనుకుని రోడ్ల గుంతల్లో పోశారనీ, 1896లో సంగతి తెలిశాక మళ్లీ తవ్వుకున్నారనీ చెబుతారు.

ఇక కాల్చడం. 464 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, టెలూరియం పొగై పోతుంది, బంగారం చిన్న బొట్లుగా మిగులుతుంది. గ్రాముకు మహా అయితే 0.44 గ్రాములు, స్ఫటికంగా అమ్మితే అంతకంటే ఎక్కువే పలుకుతుంది. పైగా ఆ పొగ విషం. పీల్చినవాళ్ల ఊపిరిలో వెల్లుల్లి కంపు రోజుల తరబడి వదలదు.