దసరా సెలవుల దయ్యం కథ: ఒక కొత్త రచయిత్రికి

అనంతపురం

తల్లీ,

నీ కథ చదివాను. వాక్యం నడపడం నీకు బాగా వచ్చు. అయితే దసరా సెలవులకు కదిరి దగ్గర పల్లెకు వచ్చిన నీ పిల్లవాడు ఆకులన్నీ రాలిన చెట్ల కింద నడుస్తాడు, గుమ్మం ముందు కళ్లూ పళ్లూ చెక్కిన గుమ్మడికాయలో దీపం చూస్తాడు. ఆశ్వయుజంలో మన చెట్లు మోడువారవు. వాన పడిన ఏడైతే సీమ పచ్చగా ఉండేది ఆ నెలలోనే. శెనక్కాయ సాళ్ల మధ్య వేసిన కంది ఏపుగా లేచి ఉంటుంది. పిల్లవాడు అందులోకి నాలుగడుగులు వేస్తే వెనకున్న నాయనకు కనపడడు. నీకు కావలసిన భయం అక్కడుంది.

ఆ చెక్కిన గుమ్మడికాయ పడమటి దేశాల దయ్యాల పండుగ హాలోవీన్‌ది. అది అక్టోబరు 31న వస్తుంది. ఐర్లండు, స్కాట్లండు వాళ్లు ముందు టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవాళ్లు. అమెరికాకు వలసపోయాక అక్కడ పండే గుమ్మడికాయను పట్టుకున్నారు. మనకు మన గుమ్మడికాయ లేదా? దిష్టికని గుమ్మానికి వేలాడే బూడిదగుమ్మడి ఉంది. ఆయుధపూజ నాడు కుంకుమ కూరి అంగడి ముందర పగలగొట్టే కాయ ఉంది. ఎర్రబడిన ఆ గుజ్జు మర్నాటి దాకా రోడ్డు మీదే పడి ఉంటుంది. దాన్ని దాటొద్దని అవ్వ చెప్పినా పిల్లవాడు దాటాడనుకో, కథ మొదలైనట్టే.

విజయదశమి రాత్రి నిండు చందమామను పెట్టావు. పున్నమికి ఇంకా అయిదు రోజులుంది. దశమి చంద్రుడు అర్ధరాత్రి దాటాక గుంకుతాడు. ఈ లెక్క నీకు పనికొస్తుంది. ముందుగా విత్తిన చేను పెరికి కల్లంలో వామి వేసి ఉంటారు, అడవిపందుల కాపలాకు నాయన అక్కడే పడుకుంటాడు. పక్కనున్న పిల్లవాడికి మెలకువ వచ్చేసరికి వెన్నెల పోయి ఉంటుంది. నిద్రపోయే ముందు చూసిన వామే ఇప్పుడు ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది.

కంటికంటే ముందు చెవికి చెప్పు. పాత కోటల్లో, పాడుబడిన గుళ్లలో ఉండే తెల్లముఖం గుడ్లగూబ కీచుమని అరుస్తుంది. ఎగిరితే మాత్రం చప్పుడుండదు, రెక్కల అంచులు అంత మెత్తన. గండికోట గోడ దగ్గర ఆ అరుపు వినిపించి, మరుక్షణం తలమీదుగా తెల్లగా ఏదో పోయిందని రాయి. అది గుడ్లగూబేనని చివర్లో మాస్టారి చేత చెప్పించొద్దు. పొద్దున్నే గోడ కింద అది అరగక కక్కిన ఉండను విప్పి, ఎలుక ఎముకలు చూసి పిల్లవాడే కనిపెట్టాలి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఊరి చివర ఒంటరిగా బతికే ముసలామెను మంత్రగత్తెను చేశావు. తీసెయ్. చేతబడి చేసిందన్న నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు తెలుగునాట జరిగాయి. అట్లాగే ఇంకొకరు మొక్కే దర్గానూ, వాళ్ల గోరీలనూ దయ్యాల కొంప చేయొద్దు. ఆ ఇంటి పిల్లలూ నీ కథ చదువుతారు. కర్నూలు జిల్లా దేవరగట్టు బన్ని ఉత్సవంలో దశమి రాత్రి మాళమల్లేశ్వరుడి విగ్రహాల కోసం కర్రలతో తలపడినప్పుడు నిజంగానే తలలు పగులుతాయి. పదేళ్ల వాళ్ల కథలోకి దాన్ని తేవొద్దు.

నువ్వు వదిలేసిన రోజు ఒకటుంది. నవరాత్రులకు ముందునాడు మహాలయ అమావాస్య. పెద్దలకు పెట్టుకుని, కాకికి ముద్ద పెట్టి పిలుస్తారు. అది చూసిన పిల్లవాడు, పోయిన తాత ఇప్పుడు ఎక్కడున్నాడని అడుగుతాడు. ఇంట్లో అందరూ తలా ఒకటి చెప్పి తప్పించుకుంటారు. దయ్యం కథ మీద పిల్లలకున్న మోజు ఈ ప్రశ్నలోంచే పుడుతుందని నా నమ్మకం. నీ పిల్లవాడు కల్లానికి పోయేటప్పుడు ఆ ప్రశ్న వాడి మనసులో ఉండనీ. చీకట్లో వాడికి తాత దగ్గు వినపడనీ. అది ఏమిటో తెలియకముందు వాడు భయపడాలి, ఆ వెంటనే తాతేమోనని ఆశపడాలి. ఈ రెండూ ఒకే పేజీలో పట్టగలిగితే నీకు బంగళా, గొలుసుల చప్పుడు, ఎర్రకళ్లు ఏవీ అక్కర్లేదు.

తిరగరాశాక ఐదో తరగతి పిల్లలకు పగటిపూటే పైకి చదివి వినిపించు. ఎక్కడ పక్కవాడి దగ్గరికి జరుగుతారో అంచున గీత పెట్టుకో. ఎక్కడ కిటికీలోంచి బయటకు చూస్తారో ఆ పేరా కొట్టెయ్. ఆ గీతలున్న ప్రతినే నాకు పంపు, సాపు రాయొద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు