రెండో బాణం ఎక్కడికి వెళ్తుంది?

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పీహెచ్‌సీ గోడకి పాముకాటు ఫ్లోచార్ట్ నువ్వే గీస్తున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొత్తగా చేరినదానివి, డాక్టరుగారు ఆ పని నీ చేతిలో పెట్టారంటే ఎంత గర్వంగా ఉందో. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వానాకాలం, చుట్టూ పొలాలు, నైట్ డ్యూటీలో ఒక్కదానివే. రేపు నీలాంటి పిల్ల ఇంకొకతి ఆ కాగితాన్నే నమ్ముకుని నిలబడుతుంది.

గుర్తులు నీకు తెలిసినవే: మొదలుకీ చివరకీ కోలగడి, పనికి పెట్టె, ప్రశ్నకి డైమండ్. రంగుల మీద ఆధారపడకు, జిరాక్స్ తీస్తే అన్నీ నలుపే.

నా భయమంతా డైమండ్ దగ్గర. దానికి రెండు బాణాలుంటాయి. మందు ఉన్న వైపు బాణం అందరూ శ్రద్ధగా గీస్తారు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి తొందర.

నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, నేను చేరేనాటికే గోడమీద ఒక చార్ట్ ఉండేది. అందులో ఒకటే ప్రశ్న: ‘20 నిమిషాలకి రక్తం గడ్డకట్టిందా?’ లేదంటే యాంటీవీనం, అదే పాము విషానికి విరుగుడు మందు. కట్టిందంటే ‘ఇంటికి పంపవచ్చు’. ఒకరోజు తెల్లవారుజామున ఒక పిల్లాణ్ణి తల్లి ఎత్తుకొచ్చింది. నేలమీద చాపేసుకుని పడుకున్నాడు, కడుపునొప్పితో లేచాడు. ఇంట్లో పాము కనబడిందట గానీ ఒంటిమీద గాటు లేదు. పరీక్ష చేస్తే గాజు ట్యూబులో రక్తం చక్కగా గడ్డకట్టింది. డ్యూటీలో ఉన్న అమ్మాయి చార్ట్ చూసి పంపేసింది. ఆ అమ్మాయిని నేను ఏనాడూ తప్పుపట్టలేదు, కాగితం ఏం చెప్పిందో అదే చేసింది. నేను మార్నింగ్ డ్యూటీకి వస్తుంటే తల్లి గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది. ‘నిద్రొస్తోందమ్మా’ అంటున్నాడు వాడు. గడ్డం పట్టుకుని పైకి చూడమన్నాను. కళ్ళు పైకి తిప్పాడు గానీ రెప్పలు లేవలేదు.

కట్లపాము. దాని విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. ఆ పరీక్ష పట్టించేది రక్తాన్ని గడ్డకట్టనివ్వని రక్తపింజర, చిన్నపింజర విషాన్ని. యాంటీవీనం ఎక్కిస్తూ, ఊపిరి అందకపోతే అంబుబ్యాగ్ నొక్కుతూ పెద్దాసుపత్రికి చేర్చాం. బతికాడు నాన్నా, వెంటిలేటర్ మీద ఉండి బతికాడు. ఆ చార్ట్ మాత్రం ఆ తర్వాత కూడా గోడమీదే ఉంది! ఎవరూ తీయకపోతే నేనే చింపేశాను.

అందుకని నీ చార్ట్‌లో ‘గడ్డకట్టింది’ నుంచి వచ్చే బాణం ఇంకో డైమండ్‌లోకి వెళ్ళాలి: రెప్పలు వాలాయా? అక్కడి నుంచి ఇంకోటి: మింగలేకపోతున్నాడా, మెడ నిలపలేకపోతున్నాడా? అన్నిటికీ ‘లేదు’ వచ్చినా బాణం ఇంటికి పోకూడదు. ‘24 గంటలు పరిశీలన’ పెట్టెలోకి, అక్కడి నుంచి మళ్ళీ మొదటి ప్రశ్నకి తిరిగి రావాలి. ఎంతసేపటికోసారి తిరగాలో డాక్టరుగారిని అడిగి ఆ గీత మీదే రాయి. యాంటీవీనం తర్వాత రక్తపరీక్ష మళ్ళీ 6 గంటలకి, అదీ గీత మీదే.

మొదటి గడిలో ‘పాము కరిచిన రోగి’ అని రాయకు. గాటు లేకుండా వచ్చేవాడు ఆ గడిలోకే రాడు. ‘పాముకాటు అనుమానం, లేదా నేలమీద పడుకుని లేచాక కారణం తెలియని కడుపునొప్పి, రెప్పలు వాలడం’ అని రాయి.

‘విష లక్షణాలున్నాయా?’ లాంటి ప్రశ్న చూస్తే నాకు కోపం వస్తుంది. అర్ధరాత్రి అది ఎవరికి తెలుస్తుంది? కంటితో చూసి అవును, కాదు అని చెప్పగలిగినదే డైమండ్‌లో పెట్టు. పరీక్ష పెట్టెలో ‘శుభ్రమైన, పొడి గాజు ట్యూబు, కదపకూడదు’ అని ఉండాలి. సబ్బు అంటిన ట్యూబైనా, ప్లాస్టిక్‌దైనా పరీక్ష అబద్ధం చెబుతుంది. యాంటీవీనం పడక రియాక్షన్ వస్తే వెంటనే ఇవ్వాల్సింది అడ్రినలిన్, అందుకని యాంటీవీనం పెట్టెకి ముందు ‘అడ్రినలిన్ సిరంజిలో సిద్ధం’ అని వేరే పెట్టె పెట్టు, అదే పెట్టెలో ఇరికిస్తే ఎవరూ చదవరు. పిల్లలకీ డోసు పెద్దలదే అని కూడా రాయి, భయపడి తగ్గించేస్తారు.

గీశాక మీ ఏఎన్‌ఎం చేతిలో పెట్టి, ఆ పిల్లాడి కథే రోగిగా చెప్పు. వేలు పెట్టి నడవమను. వేలు ఆగిన చోట నోరు విప్పి చెప్పకు తల్లీ, అక్కడ చార్ట్ మార్చు. డాక్టరుగారి సంతకం, తేదీ, పెద్దాసుపత్రి నంబరు కింద ఉండాలి.

లామినేషన్‌కి ఇచ్చే ముందు ఫోటో వాట్సాప్‌లో పంపు. రాత్రి ఎన్నింటికైనా సరే, చూస్తాను. డ్యూటీకి వెళ్ళేటప్పుడు టార్చ్ మర్చిపోకు, చెప్పులతో కాదు, బూట్లతో వెళ్ళు.

పెద్దమ్మ