ఐదు సినిమాలకి ఒకే కాటా

అమ్మాయీ,

నీ ఐదు రివ్యూలూ అందాయి. రెండేసి సార్లు చదివాను. మాయాబజార్, మోసగాళ్ళకు మోసగాడు, అహ నా పెళ్ళంట, శివ, కేరాఫ్ కంచరపాలెం. ఒకే నెలలో ఇన్ని రకాలు చూడటం మంచిదే. కాకపోతే అన్నిటినీ ఒకే కాటాలో తూచావు. కథకో పేరా, నటనకో పేరా, పాటలు, ఫోటోగ్రఫీ, చివర మార్కులు. బెల్లం తూచే కాటాలో బంగారం పెట్టినట్టుంది.

నాకు బెంగ పెట్టింది శివ రివ్యూ. "ఇందులో కొత్తేముంది, అన్ని సినిమాల్లో చూసిందే" అన్నావు. నీ తప్పు కాదులే. మనవల్ని ముందు చూసి తాతని తర్వాత చూశావు. 1989లో నాగార్జున ఆ సైకిల్ చైన్ తెంపినప్పుడు నేను హాల్లో ఉన్నాను. ఈల వేద్దామని నోట్లో వేళ్ళు పెట్టుకున్న మా పక్కసీటువాడు అలాగే ఉండిపోయాడు. మనిషి వెనకాలే కెమెరా కుదుపు లేకుండా పరిగెత్తడం మాకు కొత్త, అలా తీయడానికి వాడే స్టెడీక్యామ్ అనే పరికరం మాటే వినలేదు. అంతకు ముందు రెండు మూడేళ్ళలో వచ్చిన ఫైటింగ్ సినిమాలు ఓ రెండు చూసి, మళ్ళీ శివ దగ్గరికి రా. అప్పటికీ నచ్చకపోతే నిరభ్యంతరంగా తిట్టు.

మాయాబజార్ దగ్గర దీనికి తలకిందులుగా చేశావు. అద్భుతం, అపురూపం, అజరామరం. మొదటి పేరాలోనే మూడు 'అ'లు. 1957 నుంచీ అందరూ పొగుడుతున్న సినిమాని ఇంకోసారి పొగిడితే ఎవరు చదువుతారు చెప్పు? ఒక్క సీను పట్టుకో. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక సావిత్రి ఏం చేస్తుందో చూడు. చూపు సావిత్రిది, దర్పం ఎస్వీ రంగారావుది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంటే ఆ పట్టుచీర లోపల రాక్షసుడున్నాడని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్క ముక్క మీద నువ్వు పేజీ నింపగలవు. భారతకథలో పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రారు, అదీ నీ కంట పడలేదు. అన్నట్టు, నువ్వు చూసింది నలుపు తెలుపా, 2010లో రంగులద్దిందా? ఆ వెన్నెల పాట గురించి రాసేవాళ్ళు ముందు అది చెప్పాలి.

మోసగాళ్ళకు మోసగాడుని "హాలీవుడ్ కాపీ" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. గుర్రాలూ టోపీలూ అక్కడివే, కాదనను. కానీ రాసింది ఆరుద్ర. ఎడారిలో కౌబాయ్ తెలుగులో మాట్లాడితే 1971లో జనం ఎందుకు నమ్మారో అడగవద్దూ?

కంచరపాలెం గురించి బాగా రాశావు. ఆ ఊరివాళ్ళ మొహాల్లో నటన కనిపించదన్న వాక్యం నాకు నచ్చింది. కానీ ఆ నాలుగు ప్రేమకథల ముడి రెండో పేరాలోనే విప్పేశావేమిటి! మాయాబజార్‌లో శశిరేఖ పెళ్ళి ఎవరితో అయిందో చెబితే ఎవరూ నొచ్చుకోరు. 2018 సినిమాని ఇంకా చూడనివాళ్ళు ఉంటారు.

నీ వయసులో నేనో పాత సినిమా గురించి జ్ఞాపకం మీద రాసి, వేరే సినిమాలోని పాటని తెచ్చి ఇందులో పెట్టాను. అచ్చయిన వారానికి పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, మీరు చూసింది ఏ సినిమా?" అని ఒకటే వాక్యం. ఆ కార్డు ఇంకా నా డ్రాయర్‌లో ఉంది. అప్పట్నుంచీ సినిమా మళ్ళీ చూడకుండా పెన్ను పట్టుకోను.

అహ నా పెళ్ళంట మాత్రం మళ్ళీ రాసి పంపు. కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే సీను అందరికీ తెలిసిందే, అది వదిలెయ్. రెండున్నర గంటల్లో నీకు ఎక్కడ నవ్వు రాలేదో, ఎక్కడ ఫోన్ తీసి చూసుకున్నావో రాయి.

ఉంటాను.