సమాధానం: మంచు రోజుల్లో వ్యాన్లు ఎప్పుడు ఆపాలి?

మాస్టారూ, గజపతినగరం వైపు వ్యాన్లు నడుపుతున్నామని, మంచు పట్టిన రోజు సెలవివ్వాలా, ఆలస్యంగా తెరవాలా అని అడిగారు. మంచుకి సెలవు అక్కర్లేదు, గంటన్నర ఆలస్యం చాలు. సాధారణంగా ఎండెక్కితే విడిపోతుంది.

రూట్లో రెండు మూడు చోట్ల 50, 200 మీటర్ల దూరంలో ఉన్న కరెంటు స్తంభాలు ముందే కొలిచి గుర్తు పెట్టించండి. 200 మీటర్లది కనబడకపోతే వాతావరణ శాఖ లెక్కలో దట్టమైన మంచు: ఆలస్యం చెప్పేయండి. 50ది కూడా కనబడకపోతే వ్యాను కదలకూడదు. 40 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి దాదాపు 30 మీటర్లు కావాలి, ఎదురొచ్చేదానికీ అంతే. ఒంటి దారి ఊరి రోడ్డు మీద 50 మీటర్లు ఎలా సరిపోతాయి? పైగా ఈ రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు.

5 గంటలకి చూసి తేల్చేయకండి. సూర్యోదయం వేళకే మంచు ఇంకా చిక్కబడుతుంది. 5:45కి మళ్లీ చూసి, 6 లోపు మెసేజ్ పెట్టండి. మెసేజ్ ఆలస్యమైతే పిల్లలు రోడ్డంచున నిలబడిపోతారు, అసలు ప్రమాదం అక్కడే.

డ్రైవర్లు హెడ్‌లైట్లు లో బీమ్‌లోనే, అంటే కాంతి కిందికి పడేలా, పెట్టుకోవాలి. హై బీమ్ వేస్తే తెల్లటి గోడే కనబడుతుంది.

సాయంత్రం పొడిగించొద్దు, తొందరగా చీకటి పడుతుంది. పీరియడ్లు 30 నిమిషాలకి తగ్గించుకోండి.

తుపానుకి మాత్రం ఈ లెక్కలు పనికిరావు, కలెక్టర్ సెలవంటే సెలవే.