హనుమంతుడు ఎగిరాడా, దూకాడా?

సందేహం: మా అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. తెలుగు పరీక్షలో ‘హనుమంతుడు సముద్రం మీద ఎగురుతూ లంకకు వెళ్లాడు’ అని రాస్తే ఉపాధ్యాయులు ‘ఎగురుతూ’ కొట్టేసి ‘దాటి’ అని దిద్దారు. అర మార్కు తగ్గించారు. రెక్కలు లేనివాడు ఎగరడట. మరి జెండాకు రెక్కలున్నాయా? అన్నట్టు, జెండా ‘ఎగరవేయడమా’, ‘ఎగురవేయడమా’? – ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, రెక్కలు లేనిదే ఎగరడం లేదన్న నియమం తెలుగులో ఏనాడూ లేదు. ‘ఎగ’ అంటే పైకి. ఎగువ, ఎగయు, ఎగబాకు, ఎగజిమ్ము, ఎగుడుదిగుడు – ఈ మాటలన్నింటిలోనూ ఉన్నది ఆ ‘పైకి’ అన్న అర్థమే. ‘ఎగురు’ కూడా ఆ ఇంటి బిడ్డే. కాబట్టి నేల విడిచి పైకి లేచిన ప్రతిదీ ఎగిరినట్టే లెక్క. ‘ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరకుండా దంచినా అంతే కూలి’ అన్న సామెత మీరు విని ఉంటారు. వడ్లు దంచే మనిషి రోకలి ఎత్తినప్పుడల్లా మడమలు లేస్తాయి, ఒళ్లంతా ఒక జానెడు పైకి పోయి మళ్లీ దిగుతుంది. ఆ జానెడు లేవడాన్ని కూడా మన పెద్దలు ఎగరడమే అన్నారు. ‘ఎగిరి గంతేశాడు’ అన్నప్పుడూ రెక్కల ప్రసక్తి లేదు. కన్నడంలోనూ ఇంతే. ‘హారు’ అంటే ఎగరడమూ, దూకడమూ రెండూను. కన్నడ పిల్లవాడు హనుమంతుడికి ఆ క్రియ వాడితే అక్కడ ఎవరూ ఎర్ర సిరా తీయరు.

అందువల్ల ‘ఎగిరి’ అని ఉంటే ఆ వాక్యాన్ని నేను కళ్లకద్దుకునేవాణ్ని. చిక్కంతా ‘ఎగురుతూ’తో వచ్చింది. ‘ఎగిరి’ అంటే ఒక్కసారి లేచాడు, ఆ పని అయిపోయింది. ‘ఎగురుతూ’ అంటే దారి పొడవునా అదే పని జరుగుతూనే ఉంది. మొదటిది కోతికి చెల్లుతుంది, రెండోది కొంగకు. హనుమంతుడిది ఈ రెంటిలో ఏది? ఈ ప్రశ్న మీ అబ్బాయి వల్ల వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. దీనికి సాక్ష్యం చెప్పగలవాడు వాల్మీకి ఒక్కడే.

కిష్కింధాకాండ చివర సముద్రపు ఒడ్డున వానరులు కూర్చుని లెక్కలు వేసుకుంటారు. గజుడనే వానరుడు 10 యోజనాలు (యోజనం అంటే పాతకాలపు దూరపు కొలత) దూకగలనంటాడు. తలా ఒక పది పెంచుకుంటూ పోతారు. జాంబవంతుడు ముసలితనం వల్ల ఇప్పుడు 90 దాకానే పోగలనంటాడు. అంగదుడు 100 యోజనాలూ పోగలడు, కానీ ‘నివర్తనే తు మే శక్తిః స్యాన్న వేతి న నిశ్చితమ్’ అంటాడు – తిరిగి రాగలనో లేదో నిశ్చయం లేదని. ఇంతకన్నా నిజాయితీ గల మాట ఏ వీరుడూ అనలేదని నా నమ్మకం. ఇదంతా దూకేవాడి గణితం. ఎవరి కాళ్లలో ఎంత బలముంటే అంతే దూరం, ఆపైన నీళ్లే. పక్షిని ఎవరూ నువ్వు ఒక్క ఊపులో ఎన్ని యోజనాలు పోగలవని అడగరు.

సుందరకాండ మొదట్లో మహేంద్రగిరి మీద హనుమంతుణ్ని చూడండి. ఇనుప గడియల్లాంటి చేతులు బిగించాడు. నడుము దగ్గర కుంగాడు. కాళ్లు ముడిచాడు. మెడా భుజాలూ కుదించి ఊపిరి బిగబట్టాడు. దూకబోయే కోతిని ఎంతో దగ్గరగా చూసిన కవి తప్ప ఇలా రాయలేడు. ఆ తొడల వేగానికి పెల్లగిలిన చెట్లు దూరప్రయాణం పోయే చుట్టాన్ని సాగనంపే బంధువుల్లా కాసేపు వెంట వచ్చి సముద్రంలో పడిపోయాయట. రాముడు విడిచిన బాణంలా పోతానని అతడు ముందే చెప్పాడు. బాణానికి వదిలినప్పటి ఊపే గానీ మధ్యలో కొత్త బలం రాదు. దారిలో సముద్రంలో దాగిన పర్వతం మైనాకుడు లేచి విశ్రాంతి తీసుకొమ్మంటే చేత్తో తాకి, నడుమ ఆగనని మాట ఇచ్చానంటాడు. ఇక్కడిదాకా అంతా లంఘనమే, అంటే దూకడమే.

ఆ తరవాత దారికి అడ్డొచ్చిన నాగమాత సురస నోట్లో దూరి బయటికి వస్తాడు. మళ్లీ కాలు మోపే నేల లేదు. అయినా ‘జగామాకాశమావిశ్య వేగేన గరుడోపమః’ – ఆకాశంలో ప్రవేశించి గరుడుడిలా వేగంగా పోయాడు. ఇది దూకేవాడి పని కాదు. సింహిక అనే రాక్షసి అతడి నీడను పట్టినప్పుడు ఎదురుగాలికి చిక్కిన పెద్ద ఓడలా తన వేగం తగ్గిందనుకుంటాడు. ఓడ! ఇక్కడ వాల్మీకి వాడిన ధాతువు, అంటే క్రియకు మూలమైన మాట, గురించి చెప్పి తీరాలి. ‘ప్లు’ అన్న ధాతువుకు తేలడం, ఈదడం, గెంతడం అన్నీ అర్థాలే. ప్లవం అంటే పడవ, కప్ప కూడా. ప్లవగుడు, ప్లవంగం అంటే కోతి. (2027 ఉగాదికి వచ్చే ప్లవంగ సంవత్సరం పేరు అదే. ఆ మాటకు అర్థం ఎంతమంది పిల్లలకు చెబుతున్నారు?) నేల విడిచాక మనిషి తేలుతున్నాడా, గెంతుతున్నాడా అని తేల్చకుండా ఆ ధాతువు రెంటినీ కలిపి పట్టుకుంది.

ఇది పాత కావ్యాల గొడవే కదా అని తీసిపారేయకండి. 1890లో ఫ్రాన్సులో క్లెమాఁ ఆదేర్ ఆవిరి యంత్రంతో నడిచే విమానంలో నేల విడిచి సుమారు 50 మీటర్లు పోయాడు. చరిత్రకారుల్లో ఎక్కువమంది దాన్ని గెంతుగానే రాశారు. 1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ గాలిలో ఉన్నది 12 సెకన్లు, పోయింది 120 అడుగులు. అంటే ఆదేర్ కన్నా తక్కువ దూరమే. అయినా ఎగిరినవాడు రైటే అయ్యాడు. తన బలంతో లేచాడు, వేగం తగ్గకుండా ముందుకు పోయాడు, లేచినంత ఎత్తైన చోటే దిగాడు, యంత్రాన్ని అదుపులో ఉంచుకున్నాడు. తేడా దూరంలో లేదు, గాలిలో ఉన్నప్పుడు పగ్గం ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. ఆ కొలతతో చూస్తే మైనాకుడి దాకా దూకినవాడు, సురసను గెలిచాక ఎగిరినవాడయ్యాడు.

‘మనుచరిత్ర’ రాసిన మన అల్లసాని పెద్దన ఈ తగవులోకి దిగనే లేదు. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని హిమాలయానికి పోతాడు. ఎలా పోయాడు? ‘అటఁ జని కాంచె భూమిసురుఁడు’. ‘చని’ – వెళ్లి. అంతే. నాలుగు పాదాల పద్యంలో దారికి ఆ ఒక్క మాట చాలింది, మిగిలినదంతా మంచుకొండకే ఇచ్చేశాడు. మంచుకు పసరు కరిగిపోయి ప్రవరుడు తిరిగి రాలేక అక్కడ చిక్కుపడ్డాక గానీ అంగదుడి భయం ఎంత నిజమో మనకు తెలియదు.

ఇక తీర్పు. ‘ఎగిరి’ నిస్సందేహంగా సరైన ప్రయోగం. ‘ఎగురుతూ’ను నేనైతే కొట్టెయ్యను, పక్కన ప్రశ్నార్థకం పెట్టి పిల్లవాణ్ని పిలిచి సురస కథ అడిగేవాణ్ని. ‘దాటి’ తప్పు కాదు గానీ పడవెక్కినవాడూ సముద్రం దాటుతాడు. ఆ దిద్దుబాటులో ఆకాశం పోయింది. ‘దూకి’ అంటే ఇవాళ్టి చెవికి బావిలోకి దూకినట్టు కిందికి పోతుంది. ‘లంఘించి’ అన్నిటికన్నా భద్రం, కానీ ఏడో తరగతి పిల్లవాడికి అది తోచలేదని మార్కు తీయడం న్యాయం కాదు.

నాకు కోపం తెప్పించేది పిల్లల రాత కాదు, పెద్దల మాట. ‘మంత్రిగారు ఢిల్లీకి ఎగిరిపోయారు’ అని టీవీలో చదువుతున్నారు. తెలుగులో ఎగిరిపోయేవి ప్రాణం, ఉద్యోగం, దాచుకున్న డబ్బు. పరాయి నుడికారాన్ని తెచ్చి మాట మీద మాట పేరిస్తే అశుభం పలికినట్టవుతుంది. విమానం లేచింది, దిగింది అనే రెండు చక్కని క్రియలుండగా ‘టేకాఫ్ అయింది’, ‘ల్యాండ్ అయింది’ అనడం దేనికి? విమానంలో వెళ్లిన మనిషి కూడా వెళ్లాడు, అంతే. పెద్దన ‘చని’తో సరిపెట్టుకున్నాడు కదా.

జెండా సంగతి: ‘ఎగురవేయు’ నిలకడగా ఉన్న రూపం. ‘ఎగరవేయు’ కూడా వాడుకలో పాతుకుపోయింది, తప్పనను. రాసేటప్పుడు మొదటిది రాయండి.