ముత్తాతకు ముందు తరాల పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

పాత జనాభా లెక్కల్లో వెతకొచ్చా అని అడిగారు. లాభం లేదు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు.

భూమి కాగితాలు పట్టుకోండి. తెలంగాణ అయితే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు), దానికి ముందు సేత్వార్ (సర్వే చేశాక తయారైన మొదటి భూమి రిజిస్టరు). ఆంధ్రలో ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు). వీటితో సర్వే నంబరు తేలుతుంది. దాంతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీయించి, అందులోని దస్తావేజుల నకళ్లు అడగండి. అసలు సరుకంతా అక్కడే: రాసిచ్చినవారి తండ్రి పేరు, ఊరు, వృత్తి. భాగపంపకాల పత్రం దొరికితే అన్నదమ్ములందరూ ఒకేచోట కనిపిస్తారు. హద్దులు కూడా చదవండి. ‘తూర్పు: ఫలానా వారి చేను’ అంటే, ఆ ఫలానా వారు చాలాసార్లు దాయాదులే. ఆడవాళ్ల పేర్లు కావాలంటే మాత్రం పసుపు కుంకుమ కింద రాసిచ్చిన దస్తావేజులు వెతకాలి.