ట్రాక్టరా, బాబ్‌క్యాటా: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ల్యాండ్‌స్కేపింగ్ పనులు సొంతంగా పట్టుకుంటున్నావు, సంతోషం. లోన్ కూడా దాదాపు ఖాయమైందన్నావు. మినీ ట్రాక్టర్ కొనాలా, మనవాళ్లంతా బాబ్‌క్యాట్ అనే స్కిడ్ స్టీర్, అంటే ముందు బకెట్‌తో మట్టి ఎత్తిపోసే చిన్న లోడర్, కొనాలా అన్నది నీ ప్రశ్న. నా మాట ముందే చెప్పేస్తాను: ట్రాక్టర్ కొనుక్కో, బాబ్‌క్యాట్ అద్దెకు తెచ్చుకో. ఎందుకో చదువు. నీ లెక్క వేరేగా వస్తే నీ ఇష్టం.

బండి గొప్పదా కాదా అన్నది తర్వాత. నీ దగ్గర ఏడాదిలో ఎన్ని రోజులు పని చేస్తుందో ముందు చూడు. క్లబ్‌హౌస్ ముందు వెయ్యి గజాల లాన్ వచ్చిందనుకో. వెయ్యి గజాలంటే తొమ్మిది వేల చదరపు అడుగులు. అరడుగు మందాన ఎర్రమట్టి పోయాలంటే 4,500 ఘనపుటడుగులు, అంటే వంద ఘనపుటడుగుల యూనిట్ లెక్కన 45 యూనిట్లు. మట్టి టిప్పర్లలో వచ్చి గేటు దగ్గర కుప్పగా పడుతుంది. అక్కడినుంచి లోపలికి చేర్చి పరచడమే అసలు పని. బాబ్‌క్యాట్ బకెట్‌లో సుమారు 14 ఘనపుటడుగులు పడుతుంది కాబట్టి 320 బకెట్ల దాకా అవుతాయి. చెయ్యి తిరిగిన ఆపరేటర్ అయితే ఒకటి, ఒకటిన్నర రోజుల్లో తేల్చేస్తాడు. అదే పని కూలీలతో తట్టలకెత్తించి చిన్న ట్రాలీలో తోలిస్తే వారం పడుతుంది. ఈ ఒక్క పనిలో ట్రాక్టర్ దానికి సాటి రాదు.

కానీ ఆ పని ఒక సైటుకి ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత ఏడాది పొడవునా మెయింటెనెన్స్ ఉంటుంది చూడు, చిన్న ట్యాంకర్‌తో నీళ్లు తోలడం, మందు కొట్టడం, కత్తిరించిన గడ్డీ కొమ్మలూ బయటికి పంపడం, నర్సరీ నుంచి కుండీలు తేవడం, అదంతా ట్రాక్టర్ పని. నెలనెలా నీకు డబ్బులొచ్చేదీ అక్కడే. బాబ్‌క్యాట్ రోడ్డెక్కి పక్క సైటుకి పోలేదు. నెమ్మదిగా నడిచే బండి కాబట్టి ప్రతిసారీ వేరే లారీ మీద ఎక్కించుకుని పోవాలి. పైగా కొత్తది ఒకటి కొనే డబ్బుకి మినీ ట్రాక్టర్లు రెండు మూడు వస్తాయి. ఈఎంఐ మాత్రం బండి ఖాళీగా ఉన్నా ఆగదు.

ఈ బండి పుట్టుక తెలిస్తే దాని గుణం అర్థమవుతుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ సోదరులు ఒక టర్కీ కోళ్ల రైతు కోసం, షెడ్డు లోపల పెంట ఎత్తడానికి చిన్న లోడర్ తయారు చేశారు. స్తంభాల మధ్య తిరగాలి, అంతే దాని పుట్టుకకి కారణం. ఇప్పటి బండ్లలో ఎడమవైపు చక్రాలు, కుడివైపు చక్రాలు వేర్వేరుగా నడుస్తాయి. అందుకే నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతుంది. ఆ తిరగడంలో చక్రాలు నేలను ఒరుసుకుంటూ జారుతాయి. మట్టి మీద ఫరవాలేదు. వేసిన లాన్ మీద తిప్పితే మాత్రం మెక్సికన్ గడ్డి చాపలా లేచొస్తుంది, పేవర్ బ్లాకుల మీద తిప్పితే అంచులు విరుగుతాయి. తప్పనిసరై పోవాల్సి వస్తే మందపాటి ప్లైవుడ్ షీట్లు పరిపించి దాని మీద పోనివ్వు, షీటు మీద కూడా మలుపు తిప్పనివ్వకు.

ఇంకో చిక్కు ఉంది. సందులో తిరగడానికి పుట్టిన బండి కొన్నిసార్లు ఆ సందులోకే పట్టదు. విల్లా పక్కన ప్రహరీకీ గోడకీ మధ్య దారి ఆరడుగులుందనుకో, మధ్యలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్, డ్రైనేజీ ఛాంబర్ ఉంటాయి. బాబ్‌క్యాట్ బకెట్ వెడల్పే ఐదారు అడుగులు. నాలుగడుగుల లోపు మినీ ట్రాక్టర్ అక్కడినుంచి వెళ్లిపోతుంది, కానీ వెనక్కి తిరగడానికి చోటుండదు, రివర్స్‌లోనే రావాలి. కాబట్టి కొటేషన్ ఇచ్చే ముందు టేపు పట్టుకుని గేటూ, పక్క దారీ, వెనక పెరడూ కొలువు. ఫోటో చూసి ధర చెప్పకు.

మట్టి పరిచాక బాబ్‌క్యాట్ పనైపోయింది, లాన్ పని కాలేదు. రెండు మూడు టన్నుల బండి రోజంతా తొక్కిన మట్టి గట్టిపడి ఉంటుంది. పశువుల ఎరువు, వేపపిండి చల్లి రోటవేటర్‌తో నాలుగైదు అంగుళాలు గుల్ల చేసి కలపాలి. అది మళ్లీ ట్రాక్టర్ పనే. ఇది మానేసి గడ్డి పరిస్తే మొదటి వానకే నీళ్లు నిలుస్తాయి. తడిసిన నల్లమట్టి అయితే రెండు బండ్లనీ దిగనివ్వకు. పాత చెట్ల కొమ్మల నీడ పడే మేర కూడా తిప్పనివ్వకు, అక్కడ కింద వేళ్లుంటాయి.

మొక్కల గుంతల సంగతికొస్తే, ఎర్రమట్టిలో ట్రాక్టర్ పీటీఓకి, అంటే ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్లకి అందించే తిరిగే షాఫ్టుకి, తగిలించే డ్రిల్లు చాలు. బంకమట్టిలో డ్రిల్లు తిరిగితే గుంత గోడలు నున్నగా పాలిష్ పట్టినట్టవుతాయి, వేరు బయటికి పోలేదు. గడ్డపారతో గోడల్ని గీరించు. హైదరాబాద్ చుట్టుపక్కల రాయి తగిలితే ఏ డ్రిల్లూ పనికిరాదు, రాయి పగలగొట్టే బ్రేకర్ ఉన్న బండిని పిలవాల్సిందే. ఇక కడియం నర్సరీల నుంచి పెద్ద పామ్ చెట్ల లోడ్ దిగేరోజు జాగ్రత్త. మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు మట్టిగడ్డతో ఉన్న చెట్టు ఏడెనిమిది వందల కిలోలు తూగుతుంది. చిన్న బాబ్‌క్యాట్ దాన్ని ఎత్తి కాస్త ముందుకి వంగిందంటే వెనక చక్రాలు లేస్తాయి. తయారీదారు రాసే ఎత్తే బరువు, బండి బోల్తాపడే బరువులో సగం మాత్రమే. ఆ అంకె దాటించకు. అలాంటి రోజున హైడ్రా క్రేన్ పిలిపించుకోవడమే మేలు, మొహమాటపడకు.

అద్దెకు పిలిచేటప్పుడు చిన్న తెలివి. రవాణా, కనీస గంటలు ఎలాగూ కట్టాలి, కాబట్టి బండి రాకముందే ముగ్గు పోయించి, లెవెల్ మేకులు కొట్టించి, భూమిలో పైపులూ కేబుళ్లూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టించు. మట్టి టిప్పర్లు ముందురోజే దిగాలి. నువ్వు మేస్త్రీతో కొలతలు మాట్లాడుతుంటే అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ట్రాక్టర్ కొనేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్, పాతిక హెచ్‌పీ చుట్టూ చూడు. గడ్డి మీద నడిచే వెడల్పాటి టర్ఫ్ టైర్లు దొరుకుతాయేమో అడుగు. వ్యవసాయానికని రిజిస్టర్ చేయించి కాంట్రాక్టు పనులకు తిప్పకు. ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది అదే.

పీటీఓ షాఫ్టుకి కవరు లేకుండా బండి కదలనివ్వకు. లుంగీ, తువ్వాలుతో ఎవరినీ దాని దగ్గరికి రానివ్వకు. మొద్దులు లాగేటప్పుడు గొలుసు ట్రాక్టర్ వెనక కిందుండే లాగుడు కడ్డీకి, అంటే డ్రాబార్‌కే కట్టాలి. పైన కడితే ముందు చక్రాలు లేచి బండి డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. బాబ్‌క్యాట్ చేతులు పైకెత్తి ఉండగా వాటి కింద మనిషి నిలబడకూడదు, ఎంత తొందరైనా సరే.

ఓ ఏడాది అద్దె బిల్లులన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టు. వరుసగా నాలుగైదు నెలలు అద్దె, బాబ్‌క్యాట్ కొంటే కట్టాల్సిన ఈఎంఐని దాటిందంటే అప్పుడు సెకండ్ హ్యాండ్ బాబ్‌క్యాట్ చూద్దాం. నన్ను పిలువు, వస్తాను. బకెట్ చేతుల పిన్నుల దగ్గర లూజు ఎంతుందో, చక్రాలు తిప్పే గొలుసులుండే చైన్ కేస్‌లో ఆయిల్ ఎలా ఉందో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి. అమ్మేవాడు మనం వెళ్లేసరికే వేడి చేసి పెడతాడు, చెప్పకుండా వెళ్దాం.

ముందు నువ్వు పట్టుకున్న మూడు సైట్ల గేటు కొలతలు వాట్సాప్‌లో పంపు. అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య